మా వీధి మగాళ్ల గట్టి రక్తం

నా చిన్నప్పుడు నగరిలో మేమున్న వీధిలో జ్వరం రావడం తప్పు కాదు, జ్వరం వచ్చిందని నలుగురికీ తెలియడం తప్పు. తాగి గొడవ చేసినవాడు కూడా నాలుగు రోజులు పోయాక అరుగు మీద కూచుని పెద్దమనిషిలా తీర్పులు చెప్పేవాడు గానీ, ఇంట్లో జ్వరం ఉందని బయటపడినవాడు మాత్రం తల దించుకుని తిరిగేవాడు. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నాకు నవ్వు రాదు. ఆ వీధిని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అది మొత్తం నేతపనివాళ్ల వీధి. మాకు నూలు ఇచ్చి చీరలు నేయించుకునే షావుకారు ఒకాయన ఉండేవాడు. జ్వరం ఉన్న ఇంట్లో నేసిన పెళ్లిచీర శుభం కాదని ఆయన అనేవాడు. అది నమ్మకమో, మమ్మల్ని అదుపులో పెట్టుకునే వంకో దేవుడికే తెలియాలి. ఏ ఇంట్లోనైనా మనిషి పడుకున్నాడని తెలిస్తే ఆ ఇంటికి పడుగు నూలు ఆగిపోయేది. పొడుగునా పరిచే ఆ నూలు లేకపోతే మగ్గం ఉన్నా లేనట్టే. ఆయన ముందు నిలబడి ఇదేం న్యాయమని అడిగే మగాడు మా వీధిలో ఒక్కడూ పుట్టలేదు. అడగడానికి బదులు, జ్వరాన్ని దాచడం నేర్చుకున్నారు.

దాచడమంటే తలుపులు మూసుకోవడం కాదు. నేతవీధిలో పొద్దున లేచింది మొదలు దీపాలు పెట్టేదాకా ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడు వినిపిస్తూ ఉండాలి. ఏ ఇంట్లోనైనా అది ఆగితే కాసేపట్లోనే పక్కింటివాళ్లు వచ్చి తొంగి చూసేవాళ్లు. అందుకని మగ్గం నేసే మనిషి జ్వరంతో పడుకుంటే, ఇంట్లో ఇంకెవరో ఒకరు మగ్గం గుంటలో కూచుని ఆ చప్పుడు ఆగకుండా చూసేవాళ్లు. లోపల మనిషి మూలుగుతున్నా బయటికి మాత్రం మగ్గం వినిపించాలి. మావాళ్ల తెలివి అంతా అక్కడే ఖర్చయింది.

ఆ జ్వరం ఎక్కడినుంచి వచ్చేదో తెలుసుకోవడానికి మాత్రం ఆ తెలివిలో రవ్వంత కూడా మిగల్లేదు. మావన్నీ గుంట మగ్గాలు. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని రోజంతా చీకట్లో కూచోవాలి. గాలి ఎండిపోతే పోగులు తెగుతాయని ప్రతి మగ్గం పక్కనా తొట్టిలో నీళ్లు నింపి పెట్టేవాళ్లు. వారాల తరబడి ఆ నీళ్లు మార్చేవాళ్లు కాదు. చీకటి, తడి, కదలకుండా కూచున్న మనిషి కాళ్లు. దోమకు ఇంతకంటే ఏం కావాలి? సర్కారువాళ్లు దోమల మందు కొట్టడానికి వస్తే ముందుగదిలో కొట్టించుకుని, మగ్గం గదికి తాళం వేసేవాళ్లు, పడుగు మీద తెల్ల మరకలు పడతాయని. వాళ్లు వీధి దాటగానే మా ఆడవాళ్లు ఆ ముందుగది గోడలకూ పేడ అలికేసేవాళ్లు. వాసనట.

పదిహేను రోజులకొకసారి సైకిల్ మీద ఒకాయన వచ్చేవాడు. సత్యవేడు వైపు మనిషి. ఎవరికైనా జ్వరముందా అని ఇల్లిల్లూ అడిగి, ఉంటే వేలికి సూది గుచ్చి ఒక బొట్టు రక్తం గాజుపలక మీద రాసుకుని, మాత్రలు ఇచ్చి, తను వచ్చిపోయినట్టు గుర్తుగా వాకిలి పక్కన గోడ మీద పెన్సిలుతో తేదీ వేసి పోవడం ఆయన పని. మా వీధి ఆయనకు దోమలాయన అని పేరు పెట్టింది. అది మర్యాదగా పిలిచే పేరు. వెనక పిలిచేవి ఇక్కడ రాయలేను. రక్తం తీసుకుపోయేవాడని ఎండలో కూడా ఎవరూ ఆయనకు గ్లాసుడు మంచినీళ్లు ఇచ్చేవాళ్లు కాదు. మేము పిల్లలం ఆయన సైకిల్ వెనక దోమలాగా జుయ్యిమని అరుస్తూ పరిగెత్తేవాళ్లం. అందరికంటే ముందు పరిగెత్తింది నేనే. ప్రతి ఇంటి ముందూ ఆయన అడిగేది ఒకటే ప్రశ్న, ప్రతి ఇల్లూ చెప్పేది ఒకటే అబద్ధం. ఆయన తలూపి తేదీ వేసి పోయేవాడు.

ఆ ఏడు వానల్లో మా ఎదురింటి మామ చనిపోయాడు. మంచి నేతగాడు. నా ఈడు కూతురు ఉండేది ఆయనకు. ఆరు రోజులపాటు ఆ ఇంట్లో మగ్గం మామూలుగా ఆడుతూనే ఉంది. ఏడో రోజు మధ్యాహ్నం ఆగింది, వెంటనే ఏడుపు వినిపించింది. వీధి మొత్తం అక్కడికి చేరి, ఎంత పనిమంతుడు, చివరి పూట దాకా మగ్గం దిగలేదు అని మెచ్చుకుంది. ఆ వారమంతా మగ్గంలో కూచున్నది అత్త అని అక్కడున్న ప్రతి మనిషికీ తెలుసు. తెలిసి కూడా అంత నిబ్బరంగా ఎట్లా మెచ్చుకున్నారో నాకు ఇన్నేళ్లకూ అర్థం కాలేదు.

ఇంకా నెల తిరగకముందే మా నాయన పడుకున్నాడు. మొదట చలి. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పినా మంచం గడగడలాడింది. ఆ తర్వాత ఒళ్లు కాలిపోయే వేడి, చెమటలు, ఒక రోజు తెరిపి, మళ్లీ చలి. మూడోసారి వచ్చినప్పుడు మాట తడబడింది. ఎప్పుడో పోయిన మా తాతను పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టాడు. ఆ కేకలు బయటికి వినపడకుండా మా అమ్మ ఆయన నోటికి తువ్వాలు అడ్డం పెట్టి, తను పక్కన కూచుని ఏడ్చింది. ఎదురింటి మామ దారిలోనే ఈయనా పోతాడేమో అన్న భయం ఆమె మొహంలో కనిపిస్తూనే ఉంది. అయినా మగ్గం ఆగకూడదు. అమ్మకు నేత రాదు. అందుకని నన్ను గుంటలో కూచోబెట్టింది.

నాకు పదేళ్లు. కింద తొక్కే చెక్కలు కాళ్లకు అందక, వాటి మీద రెండు ఇటుక ముక్కలు కట్టుకుని తొక్కాను. పడుగు షావుకారుది, పట్టుది. నేను నిజంగా నేస్తే చీర చెడిపోతుంది. అందుకని అమ్మ, అడ్డపోగును మోసే నాడెలోంచి నూలు కండె తీసేసి ఖాళీ నాడె నా చేతికిచ్చింది. ఆ నాడె పడుగులో ఇటునుంచి అటు పోతుంది, పోగుల్ని దగ్గరికి నెట్టే పలక కొట్టుకుంటుంది, చప్పుడు వస్తుంది, గుడ్డ మాత్రం వెంట్రుకవాసి కూడా పెరగదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అట్లా ఏమీ నేయకుండా నేశాను. చేతులు బొబ్బలెక్కాయి. మా ఇంటి మానం నేనే కాపాడుతున్నానని ఎంత గర్వపడ్డానో చెప్పలేను. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పుడు నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

అట్లా మూడు రోజులు గడిచాక దోమలాయన వచ్చే రోజు వచ్చింది. ఆయన మామూలుగా వీధి ఆ చివరి నుంచి ఒక్కో ఇల్లే అడుగుతూ మా గడప దగ్గరికి వచ్చాడు. అమ్మ లోపలికి చూపు పోకుండా తలుపుకు అడ్డంగా నిలబడింది.

"మా ఇంట్లో అందురూ బాగుండారన్నా. ఆయన మగ్గంలో ఉండాడు, వినపడతా ఉండాది గదా."

ఆయన వెంటనే పోలేదు. కాసేపు అక్కడే నిలబడి విన్నాడు. నేను ఇంకా గట్టిగా కొట్టాను. తర్వాత గోడ మీద తేదీ వేసుకుని, సైకిల్ తోసుకుంటూ వెళ్లిపోయాడు. గండం గడిచిందనుకున్నాము.

ఆయన నేరుగా మా వీధి పెద్దాయన అరుగు దగ్గరికి వెళ్లాడు. అక్కడ జరిగింది నేను చూడలేదు గానీ, మా వీధి దాన్ని ఏళ్ల తరబడి గొప్పగా చెప్పుకుంది కాబట్టి చూసినట్టే చెప్పగలను. ఈ పెద్దాయన మగ్గం ముట్టి చాలా కాలమైంది. చేతికి పని లేనివాడికి నోటికి పని ఎక్కువ. జ్వరాల గురించి కూడా ఆయనకొక సిద్ధాంతం ఉండేది. అది మద్రాసు రైలు దిగేవాళ్లు మోసుకొచ్చేదట. కాబట్టి స్టేషన్ దారిలో ఇద్దరు మనుషుల్ని కాపలా పెట్టి, కొత్తవాళ్లెవరైనా మా వీధిలోకి రాకుండా చూసుకున్నాడు. ఆయన పెరట్లో ఏనుగు మునిగేంత తొట్టి ఉండేది. అందులో దోమ పురుగులు తోక ఆడించుకుంటూ ఈదుతుంటే, ఈయన రైలు దిగేవాళ్ల మీద కాపలా కాశాడు.

దోమలాయన ఆ మనిషి ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఎంతో వినయంగా ఇట్లా అన్నాడట:

"పెద్దాయనా, యా వీధి మగోళ్ల రక్తం గట్టిదో సూసి రమ్మన్నారు నన్ను. మగ్గం నేసేవోళ్లదే గట్టిదని నేను సెప్పినాను. మీ వీధి పేరు రాసుకునేదా, పక్క వీధిది రాసుకునేదా?"

"పక్క వీధోళ్లకు రక్తం యాడుండాదప్పా? మాదే రాసుకో. ఒక్క ఇల్లు గూడా తప్పేదానికి లేదు."

అని, అందరికంటే ముందు తన వేలే చాపాడు.

ఇక చూడాలి మా మగాళ్లను. ఏళ్ల తరబడి ఆ సూదిని చూసి తలుపులేసుకున్నవాళ్లు పంచెలు ఎగ్గట్టుకుని వచ్చి నిలబడ్డారు. ఒకడు తన గాజుపలక పక్కవాడి పలక పక్కన పెట్టించి ఎవరిది ఎర్రగా ఉందో చూడమన్నాడు. ఇంకొకడు మొదటి బొట్టు సరిగ్గా రాలేదని రెండోసారి గుచ్చమని పేచీ పెట్టాడు. ఒక ముసలాయన తన వయసులో ఉన్నప్పుడైతే సూదే విరిగేదని చెప్పుకున్నాడు. ప్రాణం పోతుందన్నా రానివాళ్లు, పక్క వీధి కంటే గొప్ప అనిపించుకోవడానికి వచ్చారు. ఆయన మాత్రం మొహంలో నవ్వు కనపడనీయకుండా ఒక్కో వేలూ గుచ్చుకుంటూ, మగ్గంలో ఉన్నవాళ్లు పని చెడగొట్టుకుని దిగి రావద్దు, నేనే ఇల్లిల్లూ వస్తాను అన్నాడు. ఒక్క ఇల్లు కూడా తప్పకూడదన్నది పెద్దాయన మాటే కాబట్టి, ఇప్పుడు ఏ ఇంటి తలుపూ మూయడానికి లేదు.

మా ఇంటికి వచ్చేసరికి అమ్మ పక్కకు తప్పుకోక తప్పలేదు. ఆయన లోపలికి వచ్చి, మగ్గం వైపు చూడకుండా నేరుగా మంచం దగ్గరికి వెళ్లి, నాయన నోటి దగ్గరి తువ్వాలు తీసి పక్కన పడేశాడు. నుదురు చూసి, వేలికి గుచ్చి, తల ఎత్తి పట్టుకుని మాత్రలు తనే మింగించాడు. ఆలస్యం చేసినావమ్మా అన్నాడు. అమ్మ ఆయన కాళ్ల మీద పడబోయి, పడుగు ఆగిపోతుందన్నా, ఎవురికీ చెప్పొద్దన్నా అని వేడుకుంది. అప్పుడు ఆయన నా దగ్గరికి వచ్చాడు. నేను ఇంకా కొడుతూనే ఉన్నాను. ఆపమని ఎవరూ చెప్పలేదు మరి.

"నేసేవోడు మద్దెమద్దెన ఆగతాడు పాపా. తెగిన పోగు కట్టుకోవాల, కండె మార్సుకోవాల. వీధి ఆ కొస నుంచి నేను వచ్చేదాకా నువ్వు ఒక్కసారి గూడా ఆగలేదు. నేనూ మగ్గం గుంట పక్కన పుట్టినోణ్ణే. ఇంక సాలు, లే."

నా చేతుల్లోంచి నాడె తీసి పక్కన పెట్టాడు. ఆ తర్వాత గడప దగ్గరికి వెళ్లి, వీధి మొత్తానికీ వినపడేట్టు, ఈయన రక్తం బలే గట్టిది, ఇట్లాంటిది ఇంకా యాడా సూడలేదు అని అరిచాడు. మగ్గం ఆగిందని ఆ పూట ఎవరూ తొంగి చూడలేదు. గట్టి రక్తం ఇచ్చినవాడు కాసేపు విశ్రాంతి తీసుకుంటున్నాడనుకున్నారు.

నాలుగు రోజులకు ఆయన మళ్లీ వచ్చి, జ్వరం బయటపడిన ఇళ్లన్నిటికీ మాత్రలు ఇచ్చాడు. అవి గట్టి రక్తం ఉన్నవాళ్లకు మాత్రమే ఇచ్చేవని చెప్పాడు. ఇంకో మాట కూడా చెప్పాడు, గట్టి రక్తమంటే దోమకు ప్రాణమని, అది తాగేస్తే బలం పోతుందని. దాంతో మా మగాళ్లు తమ చేతులతో తామే తొట్లు బోర్లించారు. పడుగు మీద పాత దుప్పట్లు కప్పి మగ్గం గదుల్లోకి మందు కొట్టేవాళ్లను రానిచ్చారు. ఎన్నేళ్లు నిజం చెప్పినా చేయని పనిని ఒక అబద్ధానికి ఒక్క పూటలో చేశారు. మాత్రలు అందినవాళ్లు వాటిని అరచేతిలో పెట్టుకుని వీధంతా చూపించి మింగారు. అంత చేదుగా ఉన్నా ఒక్కడూ మొహం చిట్లించలేదు.

పెద్దాయన రక్తంలో ఏమీ లేదు, కాబట్టి ఆయనకు మాత్రలు రాలేదు. మనిషి అయితే సంతోషించాలి. ఈయన మాత్రం, నా రక్తం మెత్తనిదా అని అరుగు అదిరేట్టు అరిచాడు. దోమలాయన ఎంత నచ్చజెప్పినా వినలేదు. పనికిమాలినవాళ్లకు మాత్రలిచ్చి పెద్దమనుషుల్ని అవమానిస్తున్నాడని పైవాళ్లకు అర్జీ రాయించి, వీధి చేత సంతకాలు పెట్టించాడు. ఆ మాత్రలతోనే బతికి లేచి కూచున్నవాళ్లు కూడా సంతకం పెట్టారు. మా నాయన పెట్టలేదు. అప్పటికి ఆయన లేచి నాలుగడుగులు వేస్తున్నాడు, కలం పట్టగలడు, అయినా పెట్టనన్నాడు. ఆ వీధిలో నేను తలెత్తి చెప్పుకోగలిగింది ఆ ఒక్కటే. దోమలాయన్ను తడ వైపు బదిలీ చేశారు. జ్వరాలు తగ్గాయి. తగ్గించింది తనేనని పెద్దాయన చచ్చేదాకా చెప్పుకున్నాడు, వీధి చచ్చేదాకా నమ్మింది.

వెళ్లిపోయే ముందు ఆయన చివరిసారి మా వాకిట్లో ఆగాడు. అమ్మ చెంబుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగుతూ తాగుతూ ఎదురింటి వైపు చూసి, ఆమె లోపలికి వెళ్లాక, ఆ ఇంటి మామకు జ్వరమని నాకు ముందే తెలుసా అని మెల్లగా అడిగాడు.

నాకు తెలుసు. ఆయన కూతురు ఏడుస్తూ నాతో చెప్పి, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది. ఆ వారమే దోమలాయన వచ్చి, మా అరుగు మీద ఆడుకుంటున్న నన్ను ఆ ఇంటి సంగతి అడిగితే, అందరూ బాగున్నారని చెప్పింది నేనే. అది విని మా అమ్మ నన్ను దగ్గరికి తీసుకుని, నోరు జారని పిల్ల, మంచి పిల్ల అని తల నిమిరింది. ఇదంతా ఆయనకు చెప్పలేకపోయాను. అవునన్నట్టు తల మాత్రం ఊపాను.

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో.

"నాకే తెలీలే పాపా. ఆయమ్మ బాగా నేస్తాది. మద్దెమద్దెన ఆగింది."

అంతే అని, చెంబు అరుగు మీద పెట్టి సైకిలెక్కాడు. మళ్లీ ఆయన్ను చూడలేదు.

ఇప్పుడు నేను తిరుపతిలో మా కొడుకు దగ్గర ఉంటున్నాను. పోయిన వానల్లో మా సందులో డెంగీ వచ్చింది. దోమల మందు బండి వచ్చి పొగ వదిలింది, దాని ముందు నిలబడి నలుగురు ఫొటో దిగారు, ఆ పొగకు మేము దగ్గాము, దోమలు మాత్రం క్షేమంగా ఉన్నాయి. మర్నాడు ఆరోగ్య కార్యకర్త, పాపం చిన్నపిల్ల, ఎండలో గేటు గేటుకూ తిరిగి జ్వరముందా అని అడిగింది. ఒకింట్లో కూతురి నిశ్చితార్థం ఉంది, చెప్పరు. ఇంకొకరు కొండకు వచ్చేవాళ్లకు గదులు అద్దెకిస్తారు, చెప్పరు. మా సందులో ఉన్నవాళ్లంతా చదువుకున్నవాళ్లు, కార్లున్నవాళ్లు, మా నేతవీధి మీద జాలిపడేవాళ్లు. అందరూ ఒకే గొంతుతో, ఎవ్వరికీ లేదమ్మా అన్నారు.

నేను గేటు తీసుకుని బయటికి వచ్చి, ఆ మేడ మీది పిల్లవాడు మూడు రోజులుగా కిందికి దిగలేదని, ఆ మూలింట్లో ఇద్దరు పడుకుని ఉన్నారని, వాళ్లందరి ముందే ఆ అమ్మాయితో చెప్పాను. ఆమెకు తడుముకోకుండా ఇళ్లు చూపించాను. మేడ మీది పిల్లవాణ్ణి ఆ సాయంత్రమే ఆసుపత్రికి తీసుకుపోయారు. ఇంకో రోజు ఆగి ఉంటే కష్టమయ్యేదన్నారట. వాళ్లమ్మ ఇప్పటికీ నాతో మాట్లాడదు. సందులో ఎవరూ మాట్లాడరు. ఊరందరితో చెడ్డ అనిపించుకోవడం ఎందుకత్తా అని మా కోడలు బాధపడుతుంది.

చెడ్డ ముసలిది అనే అంటున్నారు, నాకు వినపడుతూనే ఉంది. అననీ. ఒకసారి మంచి పిల్ల అనిపించుకున్నాను. ఆ వారంలోనే మా ఎదురింట్లోంచి ఒక మనిషిని మోసుకుపోయారు.